పోగు పెట్టిన చేపలు

చేపలమ్ముకునే వాళ్ళింట్లో పుట్టిన పిల్ల ఏం చదవకూడదని ఎవరైనా నన్నడిగి ఉంటే, చేపల గురించి చదవకూడదని మొదటే చెప్పేదాన్ని. నన్నెవరూ అడగలేదు. మా ఇంట్లో నన్ను ముందుగా ఏదీ అడగరు. అంతా తగలబడ్డాక, ఇప్పుడేం చేద్దామని మాత్రం అడుగుతారు.

సరస్సు ఒడ్డున వేలం షెడ్డులో మెట్ల పక్కన ఉన్న దుకాణం మాది. మా ఆయన చేపలు కోస్తాడు, నేను తూచి ఇస్తాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా చేతులకి పొలుసులు అంటుకునే ఉన్నాయి. ఏ సబ్బూ ఆ వాసనని పూర్తిగా వదిలించలేదు. ఒక్కగానొక్క కూతురు బాగా చదువుతుంటే, ఇదైనా ఈ వాసనలోంచి బయటపడి ఏ బ్యాంకులోనో ఫ్యాను కింద కూర్చుంటుందని ఆశపడ్డాను. అది పోయి పోయి వన్యప్రాణుల గురించీ చేపల గురించీ చెప్పే సైన్సు చదువులో చేరింది. అందరి పిల్లలూ ఇంట్లోంచి బయలుదేరి కాలేజీకి వెళితే, మా పిల్ల కాలేజీ చుట్టూ తిరిగి మళ్ళీ మా చేపలబల్ల దగ్గరికే వచ్చింది.

ఆ ఎండాకాలం ఆఖరి ఏడాది పని కోసం ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ మోకాళ్ళ దాకా ఉండే రబ్బరు బూట్లు, చేపని పడుకోబెట్టి పొడవు చూసే చెక్క, సంచీ నిండా పసుపుపచ్చ ప్లాస్టిక్ దారాలు తెచ్చింది. బూట్లు స్నానాలగదిలో, చెక్క సోఫాలో, దారాలు నా కుట్టుమిషను సొరుగులో చేరాయి. మా అక్క చూడ్డానికి వచ్చి, కూర్చోబోయి, ఆ చెక్క గుచ్చుకుని లేచింది. అక్క బడిలో లెక్కల టీచరు. దేనికైనా ఆఖర్న జవాబు రావాలంటుంది.

"ఇంతకీ ఇది చదివితే ఏమవుతారే?" అంది.

"చాలా ఉన్నాయి పెద్దమ్మా," అంది మా అమ్మాయి హుషారుగా. "చేపపిల్లల్ని పెంచే కేంద్రాల్లో పని ఉంటుంది. చేపల జబ్బులు చూసేవాళ్ళు కావాలి. అడవిలో జంతువుల్ని లెక్కపెట్టాలి. జూలో దేనికి ఏం తిండి పెట్టాలో చెప్పాలి. విమానాలు దిగే చోట పక్షులు అడ్డం రాకుండా చూడాలి."

"అంటే కాకుల్ని తోలడం."

"ఒకరకంగా."

"కాకుల్ని తోలడానికి ఇన్నేళ్ళ చదువా? మా బడి వాచ్‌మన్ ఏం చదవకుండానే తోలుతున్నాడు కదే!"

నేను పగలబడి నవ్వాను. అక్క వెళ్ళిపోయాక కడుపు మండింది. నా కూతుర్ని నేను వెక్కిరించాలి గానీ, ఆవిడెవరు వెక్కిరించడానికి?

మా ఆయనది వేరే ధోరణి. ఆయనకి కూతురేం చదువుతోందో సగమే అర్థమయ్యేది. గర్వం మాత్రం రెట్టింపు. "మా పిల్లకి తెలిసినంత చేపలకే తెలీదు" అని కొనడానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. వాళ్ళు తలకాయ వేరే కోసిమ్మంటే, కోస్తూ మళ్ళీ మొదలుపెట్టేవాడు. షెడ్డులో దానికి 'చేపల డాక్టరు' అని పేరు పెట్టింది కూడా ఆయనే. అది సిగ్గుతో చచ్చిపోయేది.

ఒకరోజు బేరం లేని వేళ బల్ల మీద ఓ చేపని పెట్టి మా ఇద్దరికీ తన పనేమిటో చెప్పింది. సరస్సులో చేపలెన్ని ఉన్నాయో నీళ్ళు తోడేసి లెక్కపెట్టలేం కదా. అందుకని కొన్నిటిని పట్టి, వీపు మీది రెక్క పక్కన పసుపు దారం గుచ్చి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారట. అవి నెమ్మదిగా మిగతా చేపల్లో కలిసిపోతాయి. తర్వాత వలల్లో పడ్డ చేపల్లో దారమున్నవి ఎన్నొచ్చాయో చూస్తారు. ఎక్కువొస్తే సరస్సులో చేపలు తక్కువున్నట్టు, వలలు మరీ ఎక్కువగా లాగేస్తున్నట్టు. తక్కువొస్తే చేపలు పుష్కలంగా ఉన్నట్టు.

"చేపకి పోగు పెట్టడమన్నమాట," అన్నాడాయన. ఆ రోజు నుంచి షెడ్డంతా దాన్ని పోగనే అంది.

"పోగే అనుకో నాన్నా."

ఇంతలో ఎవరో వచ్చి చేప మొప్పలెత్తి చూస్తూ బేరమాడారు. ఆయన వాళ్ళకి జవాబు చెబుతూ, ఒక చెవితో మా అమ్మాయి మాట వింటూ అడిగాడు. "అయితే ఆ పోగులు తిరిగి రావాలి కదూ?"

"రావాలి మరి. అసలేమీ రాకపోతే నా పని సున్నా."

ఆ ఒక్క ముక్కే ఆయన చెవిలో పడింది. ముందు చెప్పిందంతా బేరంలో కొట్టుకుపోయింది.

సరస్సు అవతలి ఒడ్డున చేపల పరిశోధన కేంద్రం ఉంది. మా అమ్మాయి పని చేస్తున్నది వాళ్ళ కిందే. అక్కడి పెద్దమేడం దీన్ని పిలిచి, కేంద్రంలో ఒకే ఒక్క ఉద్యోగం ఖాళీ ఉందనీ, ఈ సీజను పని బాగా వస్తే ఆ కుర్చీ నీదేననీ చెప్పిందట. ఆ మాట విన్నాక నా మనసు మారింది. కేంద్రంలో ఫ్యాన్లుంటాయి. చేపల ఉద్యోగమే అయినా చేపని గాజు వెనక నుంచి చూడొచ్చు. అక్క అడిగిన ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. నాకా ఉద్యోగం కావాలి. నా కూతురి కంటే ఎక్కువ నాకే కావాలి.

మా అమ్మాయి పోగు పెట్టిన చేపల్ని సరస్సులో వదిలి వచ్చాక, వలల్లో దొరికిన పోగులు వెయ్యడానికి కేంద్రం వాళ్ళు మా దుకాణం ఎదురుగానే ఒక పెట్టె పెట్టారు. దాని పక్కన బల్ల వేసుకుని వాళ్ళ గుమాస్తా కూర్చునేవాడు. పోగు తెచ్చి, ఏ రోజు, ఎక్కడ దొరికిందో చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే ఒక టోపీ ఇచ్చేవాడు. ఆ గుమాస్తా ఉలుకూ పలుకూ లేని మనిషి. పొద్దున వచ్చి పేపరు విప్పితే సాయంత్రం మడిచేవాడు.

పడవ వాళ్ళు రాసిన చీటీలు చూసి మా అమ్మాయి జుట్టు పీక్కునేది. 'ఎక్కడ దొరికింది?' అన్న చోట అందరూ ఒకటే రాశారు. నీళ్ళలో.

"నీళ్ళలో కాక చెట్టు మీద దొరుకుతుందా అమ్మా? నీళ్ళలో ఎక్కడ అనేగా అడిగింది!"

"ఎవరి మీద అరుస్తున్నావే? నేను రాశానా?"

చీటీల సంగతెలా ఉన్నా, పోగులు మాత్రం రావడం మొదలయ్యాక ఆగలేదు. రోజూ రెండో మూడో కాదు, గుప్పెళ్ళతో వచ్చాయి. షెడ్డులో ఎవరి నెత్తిన చూసినా కేంద్రం టోపీయే. పెద్దమేడం ఇంత పంట ఏ సీజనులోనూ చూడలేదందట. మా అమ్మాయి ఇంట్లో పాటలు పాడుకుంటూ తిరిగేది. నేను అక్కకి ఫోన్ చేసి, "ఉద్యోగం వచ్చేసినట్టే" అని కాస్త గట్టిగానే చెప్పాను.

అదే రోజుల్లో మా దుకాణంలో ఐసు మాయమవడం మొదలైంది.

ఎండాకాలంలో చేపల దుకాణానికి ఐసే ప్రాణం. పొద్దున దింపిన ఐసు సాయంత్రం దాకా రావాలి. నేను వంట చేసుకుని వచ్చేసరికి ఐసు పెట్టె సగానికి దిగిపోయి ఉండేది. అడిగితే మా ఆయన కళ్ళలోకి చూడకుండా కత్తి నూరుకునేవాడు. పనివాళ్ళెవరూ లేరు. ఉన్నది మేమిద్దరమే. అందరూ శాకాహారులే గానీ బుట్టలో రొయ్యలు మాయం అన్నట్టుంది వ్యవహారం. ఒకరోజు తొందరగా వచ్చి చూస్తే, ఈలాయన మా ఐసు గంపకెత్తుకుని పోతున్నాడు. ఆయన పడవ వస్తోందంటే ముందు ఈల వినబడుతుంది, అందుకని ఆ పేరు.

"ఏంటండీ ఇది? మన ఐసు వాళ్ళకెందుకు?"

"ఎండ చూశావా ఎలా మండుతోందో! వాళ్ళ చేప చెడిపోతే మనకేగా నష్టం."

"వాళ్ళ చేప చల్లగా ఉండి మన చేప కంపు కొడితే ఎవరికి నష్టం? ధర్మసత్రం పెట్టారా ఇక్కడ? పోనీ చేపలకి కూడా ఒక్కో గొడుగు పంచిపెట్టండి!"

నా గొంతు చిన్నది కాదు. ఆ షెడ్డుకి పైకప్పు రేకులు. నేనిక్కడ మొదలుపెడితే అవతలి మెట్ల దాకా వినబడుతుంది. అప్పట్నుంచి రోజూ ఇదే రామాయణం. ఈ రోజు ఈలాయన, రేపు ఆయన తమ్ముడు, ఎల్లుండి ఇంకెవరో. నేను తిట్టడం, ఆయన నవ్వడం. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయేది. ఏదో గొప్ప రహస్యం దాచుకున్నవాడిలా నవ్వేవాడు.

ఎండాకాలం చివర చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో సరస్సు మూసేస్తారు. అన్ని పడవలూ ఒడ్డెక్కుతాయి, షెడ్డుకి తాళం పడుతుంది. అది ప్రతి ఏడూ ఉన్నదే, అందుకు సిద్ధపడే ఉంటాం. ఆ ఏడు మూసే రోజులు దగ్గర పడ్డాక, ఒక మధ్యాహ్నం మా అమ్మాయి భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చుని చెప్పింది.

"మేడం లెక్క వేశారు నాన్నా. సరస్సులో చేపలు సగానికి పైగా తగ్గిపోయాయట. ఈసారి మూసివేత రెట్టింపు చేస్తారు. రేపు సాయంత్రం షెడ్డులో మీటింగు పెట్టి చెబుతారు." గొంతు తగ్గించింది. "మన దుకాణానికి కష్టమే. కానీ చేపలు నిజంగా అయిపోతుంటే ఏం చేస్తాం?"

మా ఆయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేశాడు.

"రెట్టింపా? పోగులు ఎక్కువొస్తే మంచిదన్నావు కదా తల్లీ?"

"మంచిదని ఎప్పుడన్నాను? ఎక్కువొస్తే చేపలు తక్కువున్నట్టని చెప్పాను."

"మరి ఐసంతా పోసి నేను చేసింది దీనికా?"

ఆ మాట అన్నాక తనే నాలిక్కరుచుకున్నాడు. కానీ అప్పటికే అది కంచం పక్కకి జరిపింది.

"ఏం చేశావు నాన్నా?"

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట ఎవడో. అలా నసుగుతూ ఒక్కొక్క ముక్కా బయటపెట్టాడు. ఇది చేపల్ని వదలడానికి వెళ్ళింది ఈలాయన పడవలో. ఎక్కడ వదిలిందో ఆయనకి తెలుసు, రెల్లుగడ్డి మలుపు దగ్గర. మా ఆయన ఆ మలుపు గురించి కనుక్కుని, పడవ వాళ్ళందరికీ చెప్పాడు. అక్కడే వలెయ్యండి, పోగున్న చేప చూపిస్తే గంపెడు ఐసు నేనిస్తాను, పోగు మాత్రం పెట్టెలో వెయ్యండి, మా పిల్ల పని సున్నా కాకూడదు. దానికి చెప్పకుండా, ఆశ్చర్యపరుద్దామని.

మా అమ్మాయి లేచి చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడింది.

నాకు మాత్రం అప్పటికీ అర్థం కాలేదు. "ఎక్కడ పడితే ఏంటే? పోగు పోగేగా?"

"అమ్మా, కూరలో ఉప్పు వేసి కలపకుండా, వేసిన చోటే గరిటె ముంచి రుచి చూస్తే ఏమంటావు?"

"ఉప్పు ఎక్కువైందంటాను."

"మేడం అదే అన్నారు."

అప్పుడర్థమైంది నాకు. చేపలు తగ్గలేదు. తగ్గాయో లేదో ఎవరికీ తెలీదు. మా ఆయన గరిటె ఉప్పు మీదే పెట్టాడు, అంతే. ఆయన తెలివికి మెచ్చి ఇప్పుడు మా దుకాణంతో కలిపి షెడ్డు మొత్తానికి తాళం వెయ్యబోతున్నారు.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నేను ఎత్తుకున్నాను. ఎత్తుకున్నదాన్ని ఎంతసేపటికీ దించలేదు. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. నా ఊపిరి అయిపోయాక మా అమ్మాయి అంది. "మేడంకి చెప్పాలి. ఇవాళ ఊళ్ళో లేరు. రేపు మీటింగుకే వస్తారు."

"చెబితే?"

"ఈ సీజను పని చెత్తబుట్టలోకి. ఉద్యోగం ఇంకొకరికి."

"అయితే చెప్పకు!"

"చెప్పకపోతే నా ఉద్యోగం కోసం పడవలన్నీ ఒడ్డున ఎండుతాయి. మన దుకాణం ఒక్కటే కాదు, అందరి బతుకులూ."

"అయితే చెప్పెయ్!"

"చెబితే ఉద్యోగం పోతుంది కదమ్మా."

"నా ప్రాణం తియ్యకండి ఇద్దరూ!" అని అరిచాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవ్వినవాడేమో చల్లారిన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. అక్కకి ఫోన్ చేశాను, లెక్కల మనిషి కదా ఏదైనా దారి చెబుతుందని. "లెక్క తేలాక మళ్ళీ కెలుకుతారా ఎవరైనా? నోరు మూసుకుని ఉద్యోగంలో చేరమను" అంది. నాకూ అదే మంచిదనిపించింది. దాచడమెందుకు, ఆ పూట నాకు షెడ్డు గుర్తు లేదు, పడవలు గుర్తు లేవు. కుర్చీ ఒక్కటే కనబడింది. ఆ మాటే దానికి చెప్పాను. కనీసం నాన్న పేరు ఎత్తకు, దారాలే సరిగ్గా గుచ్చుకోలేదని ఏదో ఒకటి చెప్పమన్నాను.

"దారాలు బాగానే ఉన్నాయమ్మా," అంది, అంతే.

మర్నాడు వేలం అయిపోయాక షెడ్డు కడిగి కుర్చీలు వేశారు. పడవ వాళ్ళు తడి నేల మీదే కూర్చున్నారు, సగంమంది నెత్తిన ఆ టోపీలే. పెద్దమేడం వచ్చి మూసివేత రెట్టింపు అని చెప్పగానే గోల మొదలైంది. ఆ గోలలోనే మా అమ్మాయి లేచింది.

"మేడం, ఆ లెక్క తప్పు. చేపలు సరస్సులో కలవకముందే, వదిలిన చోటే పట్టేశారు. పట్టమని చెప్పింది మా నాన్న. ఆ లెక్కతో సరస్సు మూయకండి."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. మాకు సరిగ్గా అక్కడే పడింది. మా ఆయన లేచి నిలబడి, "అవునండీ, నేనే చెప్పాను. ఐసిచ్చి చెప్పాను" అన్నాడు. ఈలాయన లేచి, "నేనే పట్టానండీ" అన్నాడు. ఆయన తమ్ముడు లేచాడు. చూస్తుండగానే టోపీలన్నీ లేచాయి. నేనంటే నేను పట్టానని ఒకరి మీద ఒకరు పడి ఒప్పుకున్నారు.

పెద్దమేడం చేతులు కట్టుకుంది. తెలివైన మనిషి.

"మూసివేత పెరిగితే నష్టం ఎవరికి? మీ అందరికీ. తప్పని చెబుతున్నదెవరు? మీరే. ఈ అమ్మాయి తండ్రికీ ఇక్కడ దుకాణం ఉంది. నిన్నటిదాకా ఒక్కరూ నోరెత్తలేదు, ఇవాళ మూసివేత అనగానే అందరికీ గుర్తొచ్చిందా? నేనెలా నమ్మాలి?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు. మా అమ్మాయి ముఖం పాలిపోయింది. దానికి అబద్ధమాడే పిల్లన్న పేరు కూడా రాబోతోంది. ఉద్యోగం పోతే పోయింది, ఈ పేరు పడితే ఇంకెక్కడా నిలబడలేదు. అది చూశాక నాకు కుర్చీ గుర్తు రాలేదు, ఇంకేమీ గుర్తు రాలేదు.

"ఆ ఐసు నా దుకాణందండీ," అన్నాను. నా మామూలు గొంతుతోనే అన్నాను గనక అందరికీ వినబడింది. "ఎన్ని రోజుల నుంచి దాని కోసం నోరు నొప్పెట్టేలా అరుస్తున్నానో ఎదుటి బల్ల మీద కూర్చున్న మీ మనిషినే అడగండి. అప్పటికి మూసివేత సంగతి మీకే తెలీదు."

అందరూ గుమాస్తా వైపు తిరిగారు. ఆయన పేపరు మడిచాడు. ఆ సీజనంతా ఆయన గొంతు వినడం నాకదే మొదటిసారి.

"నిజమే మేడం. రోజూ అరిచేవారు. గంపతో ఐసు పట్టుకెళ్ళేవాళ్ళే ముందు నా పెట్టెలో పోగు వేసేవాళ్ళు. అందరి పడవలూ రెల్లుగడ్డి మలుపు వైపు నుంచే వచ్చేవి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మొగుడూ పెళ్ళాల గొడవ అనుకున్నానండీ."

షెడ్డంతా గొల్లుమంది. పెద్దమేడం నవ్వలేదు. కాసేపు కాగితాల వైపు చూసి, మూసివేత ఎప్పటిలాగే ఉంటుందని చెప్పి, మా అమ్మాయిని పక్కకి పిలిచింది. ఈ సీజను పని చెల్లదు. వచ్చే సీజనులో మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, చదువు కూడా అందాకా ఆగుతుంది. ఉద్యోగం అన్నాళ్ళు ఖాళీగా ఉంచలేం. "సరే మేడం" అని అది తల ఊపడం నాకు కనబడింది.

ఆ కుర్చీలో చిత్తడినేలల్లో బాతుల్ని లెక్కపెట్టిన కుర్రాడు కూర్చున్నాడు. మంచివాడేనట. మంచివాడైతే నాకేంటి?

పడవ వాళ్ళు ఆ రోజు దాన్ని భుజాల మీద మొయ్యలేదన్న మాటే గానీ, చేతులెత్తి దణ్ణాలు పెట్టారు. వారం తిరక్కుండానే, తండ్రి దుకాణం కోసం పిల్ల భలే కథ అల్లిందని అవతలి మెట్ల దగ్గర ఎవరో అన్నారని తెలిసింది. లోకం నోరు మూయించడం నా వల్ల కాదు, నా నోటికి కూడా ఒక హద్దుంది.

సరస్సు మూసేశాక ముగ్గురం ఇంట్లో ఉండిపోయాం. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మా అమ్మాయి తండ్రిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రెండ్రోజులు ఏడ్చి, కేకలేసి, తేల్చేసుకునేవాళ్ళం. అది మర్యాదగా ఉండేది. "నాన్న భోంచేశారా?" అని నన్నడిగేది, ఆయన పక్కనే కూర్చుని ఉండగా. ఆయనేమో "పిల్లకి మజ్జిగ కావాలేమో చూడు" అని నాకే చెప్పేవాడు. గోడకి అటూ ఇటూ మాటలు మొయ్యడం నా పనైంది. నేను భార్యనా, తల్లినా, పోస్టుమాన్‌నా?

అంతకంటే ఘోరం, మా ఆయన మాట్లాడటం మానేశాడు. దారిన పోయేవాళ్ళని ఆపి కూతురి గురించి చెప్పే మనిషి, దాని పేరెత్తితే లేచి పెరట్లోకి పోయేవాడు. ఇన్నేళ్ళూ ఆ డప్పు ఎప్పుడాగుతుందా అని విసుక్కున్నదాన్ని నేనే. ఆగిపోయాక ఇల్లు తినడానికొచ్చింది. చెయ్యకూడని పనే చేశాడు, కాదనను. కానీ ఈ లోకంలో కూతురి కోసం వేసవిలో ఐసు పంచిపెట్టిన చేపలవాడు ఇంకొకడుంటే చూపించండి.

వానలు పడి, తెరిపిచ్చి, సరస్సు తెరిచారు. మా అమ్మాయి కొత్త దారాలు తెచ్చుకుంది. ఈసారి ఈలాయన పడవ కాదు, కేంద్రం పడవే అడిగి తీసుకుంది. ఎక్కడ వదులుతుందో ఎవరికీ చెప్పదట, నాక్కూడా. మా ఆయన ఏ క్షణాన అడుగుతాడోనని నేను కాచుకుని ఉన్నాను. అడిగితే ఏమేం తిట్టాలో కూడా వరసగా అనుకుని పెట్టుకున్నాను. ఆయన అడగలేదు. ఆ సంచీ కనబడితే చూపు తిప్పుకుని పోయేవాడు.

చేపల్ని వదలడానికి వెళ్ళే ముందురోజు సాయంత్రం, మేం దుకాణం కట్టేసి వచ్చేసరికి, అది వరండాలో సరంజామా సర్దుకుంటోంది. కేంద్రం నుంచి తోడు రావలసిన అమ్మాయికి జ్వరమట. చేప కదలకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నన్ను అడుగుతుందేమోనని చీర కుచ్చెళ్ళు పైకి దోపుకోవడం కూడా మొదలుపెట్టాను. అది తలెత్తకుండానే అంది.

"నాన్నా, రేపు పడవెక్కుతావా?"

ఎన్నాళ్ళకో ఆ పిలుపు. మా ఆయన చెప్పులు విప్పుతున్నవాడు అలాగే ఆగిపోయాడు. చాలాసేపు ఆలోచించాడు. ఆయన అంతసేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు.

"వస్తాను తల్లీ," అన్నాడు. "కానీ ఎటు వెళుతున్నామో నాకు తెలియకూడదు. కళ్ళకి తువ్వాలు కట్టుకుని కూర్చుంటాను."

నవ్వులాటకి అనలేదు. భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి కట్టుకుని చూపించాడు కూడా. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, రెండూ ఆపుకోలేక వంటింట్లోకి పోయాను. అక్కడికి దాని మాట వినబడింది.

"కళ్ళు కట్టుకుంటే చేప జారిపోతుంది నాన్నా. చూస్తూనే పట్టుకో."

కళ్ళు తుడుచుకుని తిరిగొచ్చేసరికి, మా ఆయన దాని రబ్బరు బూట్లు వేసుకోబోయి పాదాలు పట్టక, ఈలాయన బూట్లు అరువు తెచ్చుకోవడానికి అప్పుడే వీధి మలుపు దాటేశాడు. ఇంకా పొద్దయినా గూకలేదు, పడవ బయలుదేరేది రేపు పొద్దున అని ఆ మనిషికి ఎవరైనా చెప్పి చూడండి.